నేరేడు మొక్కకు పెట్టిన కూడు

బిలాస్‌పూర్‌లో ఒక మనిషి పెళ్ళాన్ని గడ్డి తినేసింది. పులి కాదు, మొసలి కాదు, గడ్డి.

కొంచెం సర్దుకుని చెప్పాలంటే, పెళ్ళాన్ని కాదు. ఆవిడ అప్పటికే పోయింది. ఆవిడ పేరు మీద నాటిన నేరేడు మొక్కని. దాన్నయినా మొత్తం తినేసిందని దేవుడి పటం మీద చెయ్యివేసి చెప్పలేం, వేరు ఇంకా మిగిలే ఉందంటారు. కానీ ఆ మొక్క నోటిముందు పెట్టిన ప్రతి ముద్దనూ గడ్డి లాక్కుతిన్న మాట మాత్రం నిజం. ముద్దలు పెట్టినవాడు అప్పలకొండ.

అప్పలకొండ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. తాత శ్రీకాకుళం వైపు నుంచి పట్టాలు పరిచే కూలీగా ఈ ఊరొచ్చాడు. తండ్రి ఆవిరి ఇంజన్లలో బొగ్గు వేశాడు. మూడో తరం అప్పలకొండ కరెంటు ఇంజన్ల కింద దూరి నడుం వంచాడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. రైల్వే కాలనీలో ఆయన క్వార్టరుకు జనం పెట్టిన పేరు 'తెలుగోళ్ళ వెయిటింగ్ రూం'. ఉద్యోగం పరీక్షకు వచ్చినవాళ్ళు, వైద్య పరీక్షకు వచ్చినవాళ్ళు, నాగపూర్ పోతూ మధ్యలో బండి తప్పినవాళ్ళు, ఏ పనీ లేకుండా వచ్చినవాళ్ళు, అందరూ అక్కడే దిగేవారు. స్టేషన్లో ఆయన పేరు చెబితే కూలీలు కూడా దారి చూపించేవారు.

బుధవారీ బజారు నుంచి చేప తెచ్చేవాడు. వరండాలో బారుగా కూచోబెట్టి దగ్గరుండి వడ్డించేవాడు. "ఏసుకో ఒరే, మొగమాటమేటి? ముల్లు సూసుకో" అని ఒకణ్ణి, "నువ్వేటి కోడిపిల్లలా కెలుకుతన్నావు" అని ఇంకొకణ్ణి అదిలించేవాడు. లోపలికి తిరిగి, "ఒలే, ఇంకో మూడు కంచాలెట్టు" అని కేకేసేవాడు. లోపల్నుంచి కంచాలు వచ్చేవి. కంచాలు తెచ్చిన చెయ్యే తప్ప ఆ మనిషిని చుట్టాల్లో సగంమంది సరిగ్గా చూసి ఉండరు. ఆవిడ పేరు లక్ష్మీనరసమ్మ.

అందరూ తిన్నాక అప్పలకొండ నులకమంచం మీద బీడీ ముట్టించి, తాను ఒంటిచేత్తో ఇంజన్ ఆపిన కథ చెప్పేవాడు. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తూ ఉండేది. గిన్నెల్లో ఏం మిగిలిందో, మిగిలిందా లేదా అని, ఆయనకు ఎప్పుడూ అనుమానం రాలేదు. మనిషి చెడ్డవాడు కాదు. అనుమానం రాలేదు, అంతే.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి ఊరి చివర లాల్‌ఖదాన్‌లో అద్దె ఇంట్లో దిగారు. చుట్టాలకు కొత్త చిరునామా చేరడానికి పెద్దగా టైం పట్టలేదు. అక్కడే ఒక పొద్దున లక్ష్మీనరసమ్మ వంటగది గడప మీద కూచుని లేవలేకపోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ కనురెప్ప లాగి చూసి, గోళ్ళు చూసి, ఒంట్లో రక్తమే లేదంది.

"ఈవిడ రోజూ ఏం తింటుంది?"

అప్పలకొండ నవ్వాడు. "మా యింట్లో తిండికి కొదవేటి డాక్టరమ్మా? ఊరంతా మా యింట్లోనే తింతాది."

"ఊరి సంగతి కాదు. ఈవిడ ఏం తింటుంది?"

ఆయన పక్కకు తిరిగి భార్యకేసి చూశాడు, ఆవిడే చెబుతుందని. లక్ష్మీనరసమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తిరగడం మళ్ళీ ఇటు తిరగలేదు. మామిడి పూత రాలేవేళకు వెళ్ళిపోయింది.

వెయిటింగ్ రూంలో తిని ఉద్యోగాలెక్కినవాళ్ళలో పన్నెండో రోజుకు వచ్చింది నలుగురైదుగురు. వచ్చినవాళ్ళు భోజనం బాగుందన్నారు.

ఇక్కడి మనవాళ్ళకు ఒక ఆచారం ఉంది. ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నదీ కాదు, ఇక్కడే పుట్టింది. ఊళ్ళో పొలం లేదు, క్వార్టరు సొంతం కాదు, సమాధి కట్టుకునే కులం కాదు. పోయినవాళ్ళకు గుర్తుగా ఏం మిగలాలి? అందుకని లాల్‌ఖదాన్ దాటాక, యార్డు గోడ వెనక ఖాళీ నేలలో ఒక మొక్క నాటుతారు. దాన్ని పేరుచెట్టు అంటారు. అమావాస్యకు పోయినవాళ్ళకు ఇష్టమైనది వండి, ఆకులో పెట్టి, దాని మొదట్లో ఉంచుతారు. మూడో ఏటి వానలకు మొక్క నిలబడి ఉంటే పోయినవాళ్ళకు ఇంటివాళ్ళ మీద కోపం లేదని లెక్క. ఎండిపోతే, కోపంతో పోయారని. ఇది పైకి ఎవరూ అనరు. అనకుండానే అందరికీ తెలుసు.

ఆ నేలని ఇక్కడివాళ్ళు భాటా అంటారు. అంతా ఎర్రకంకర. గునపం వేస్తే ఠంగుమంటుంది. పడిన వాన పడినట్టే జారిపోతుంది. అక్కడొక మోదుగ, ఇక్కడొక రేగుపొద, మధ్యలో మోకాలెత్తు పలచటి గడ్డి. అడవి అనడానికి లేదు, బీడు అనడానికీ లేదు. చెట్టూ పొదా గడ్డీ జనరల్ బోగీలో ఒకే బల్ల మీద సర్దుకుని కూచున్న ప్రయాణికుల్లా ఉంటాయి. ఎవరికీ చాలినంత లేదు కాబట్టి ఎవరికీ ఒళ్ళు చెయ్యదు, ఎవరూ పక్కవాణ్ణి కిందికి తొయ్యలేరు.

తొలకరికి అప్పలకొండ నేరేడు మొక్క తెచ్చి నాటాడు. పక్కనే, ఆయన్ని అన్నయ్యా అని పిలిచే ఆ వీధి చిన్నమ్మి మేకలు మేపుకుంటోంది. చిన్నమ్మి మొగుడు బంగార్రాజు రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసేవాడు. జీతం తాగి, తాగిన చేత్తో కొట్టి, ఒకరోజు తనంతట తనే పడి చచ్చాడు. లోకం నోటికి జడిసి చిన్నమ్మి కూడా పేరుచెట్టు నాటింది. నర్సరీలో ఊరికే ఇస్తున్నారని కానుగ మొక్క పట్టుకొచ్చి గుంతలో పెట్టి, మట్టిని కాలితో తోసింది. అమావాస్యకు ఆకు పెట్టిన పాపాన పోలేదు. ఎవరైనా అడిగితే, "బతికున్నప్పుడు తిన్నది సాలదేటి?" అనేది.

మొదటి అమావాస్యకు ముందు అప్పలకొండ ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. "సిన్నమ్మీ, మీ వొదినకి ఏటిష్టమే?"

చిన్నమ్మి చేస్తున్న పని ఆపింది. "నన్నడుగుతన్నావేటి అన్నియ్యా? కాపరం సేసింది నువ్వా, నేనా?"

"గుర్తు రాలేదు, అందుకని."

"గుర్తు రాకపోడానికి ముందు తెలిసుండాలి కదా" అని చిన్నమ్మి మళ్ళీ బియ్యం ఏరుకోసాగింది.

అప్పలకొండకు తల కొట్టేసినట్టయింది. ఏం ఇష్టమో తెలియనివాడు ఏం చేస్తాడు? అన్నీ పెట్టాడు. చేపల పులుసు పెట్టాడు, గారెలు పెట్టాడు, పాయసం పెట్టాడు. అమావాస్యకు అమావాస్యకు మధ్య ఖాళీ ఎందుకని గంజి పోశాడు, చేపలు కడిగిన నీళ్ళు పోశాడు. మాంసం కొట్టు నుంచి ఎముకల పొడి తెచ్చాడు. పక్కనున్న మస్తూరీ ఊరెళ్ళి పశువుల గెత్తం తోలించాడు. అక్కడే కొట్లో యూరియా, డీఏపీ బస్తాలు కనిపిస్తే అవీ పట్టుకొచ్చాడు. పంటకు బలమైతే పెళ్ళానికి కాదా అని ఆయన లెక్క. మొక్క మొదట్లోనే కాదు, చుట్టూ నాలుగు మంచాల మేర చల్లాడు. వడ్డించడంలో ఆయన చెయ్యి ఏనాడూ చిన్నది కాదు.

రెండో వానకు ఆ నేల చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. భాటా అంతా ఎప్పట్లాగే ఎర్రగా, పల్చగా ఉంటే అప్పలకొండ చోటు మాత్రం పచ్చటి చాప పరిచినట్టు మెరిసిపోయింది. గడ్డి రొమ్ములెత్తు పెరిగింది. ఒత్తుగా, నల్లపచ్చగా, గాలికి నిగనిగలాడుతూ, పెళ్ళికొచ్చిన చుట్టంలా ఒళ్ళు విరుచుకుంది. నేరేడు మొక్క ఏదని వెతికితే, ఆ గడ్డి మధ్య, నాటినప్పుడు ఎంతుందో అంతే ఉంది. ఆకులు పాలిపోయి ఉన్నాయి. పక్కన బంగార్రాజు కానుగ మాత్రం మనిషిని మించి లేచి తలూపుతోంది.

"సూడన్నియ్యా, మా తాగుబోతు ఎలగ ఏపుగా ఉన్నాడో" అంది చిన్నమ్మి. "మా వొదిన నీ సేతి కూడు ముట్టనంతంది గావాల."

ఆ మాట సూటిగా వెళ్ళి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అప్పలకొండ ఆ వారం ఇంకో బస్తా చల్లాడు.

వానలు వెనకపట్టాక ఆ నేలలోకి ఒక అమ్మాయి రావడం మొదలుపెట్టింది. పేరు ప్రత్యూష. బ్యాంకు ఆఫీసరు కూతురు, ఇక్కడే పుట్టి పెరిగి యూనివర్సిటీలో చెట్ల చదువు చదువుతోంది. మేకులు పాతి, తాళ్ళు కట్టి, కొన్ని చదరాల్లో ఎరువు వేసి, కొన్నిట్లో వెయ్యకుండా, గడ్డీ చెట్టూ ఒకే నేలని ఎలా పంచుకుంటాయో చూడటం ఆమె పని. అప్పలకొండ చోటు కనిపించగానే ఆమె కళ్ళు చేటలంత అయ్యాయి.

"తాతగారూ, ఇదంతా మీరే చేశారా?"

"నేనే అమ్మాయ్. మా ఆడదానికి పెడతన్నాను."

"అచ్ఛా... కానీ తాతగారూ, మీరు పెట్టేది నేరేడుకి చేరట్లేదు. గడ్డి వేళ్ళు పైపైనే జాలీలాగా ఉంటాయి కదా, ఏం పడినా ముందు అవే లాగేస్తాయి. చిన్న మొక్కకి అంత జోరు ఉండదు. తిని బలిశాక గడ్డి నీళ్ళు కూడా తాగేస్తుంది, ఎండ కూడా ఆపేస్తుంది. మతలబ్, మీరు పెంచింది గడ్డినే."

అప్పలకొండ మొహం గంటు పెట్టుకున్నాడు. "మరి ఆ కానుగకి ఎవులు పెట్టారు? దిక్కూదివాణం నేదు దానికి."

"కానుగ వేరు. పప్పుధాన్యాల జాతి అది. వేళ్ళకి బుడిపెలుంటాయి, హవాలోంచి తన ఖానా తనే తెచ్చుకుంటుంది. పైగా చుట్టూ గడ్డిని మేకలు తినేశాయి, అడ్డు లేదు."

"అయితే ఆడు గాలి తిని బతుకుతన్నాడన్నమాట" అన్నాడు అప్పలకొండ. "బతికున్నప్పుడూ అంతే, పని సేసి తిన్నది నేదు."

ప్రత్యూషకు నవ్వాలో వద్దో తెలియలేదు. "నేరేడు వేరు లోపలికి దిగితే ఇంక దానికి గడ్డి అడ్డు కాదు తాతగారూ. అప్పటిదాకానే కష్టం. మీరేం పెట్టకండి. గడ్డి కోసేసి చుట్టూ ఖాళీ చెయ్యండి, చాలు. ఎండలు రాకముందే. భాటాలో ఆగ్ వస్తుంది, నిప్పంటుకుంటుంది, తెలుసు కదా. ఇంత గడ్డి ఎండితే..."

"ఏటీ పెట్టొద్దా?" అప్పలకొండ గొంతు లేచింది. "నా పెళ్ళానికి నేను పెట్టుకోవద్దా? సెప్పడానికి నువ్వెవులు?"

ఆ అమ్మాయి బిక్కమొహం వేసి మేకుల దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పలకొండ ఇంటికి నడిచాడు. నడిచినంతసేపూ గడ్డి ఆయన వెంటే వచ్చింది. దాని నిగనిగ ఎక్కడో చూసినట్టుంది. వరండాలో బారుగా కూచుని, మూతులు తుడుచుకుని, చేతులు కడుక్కుని వెళ్ళిపోయిన మొహాలు.

చిన్నమ్మి గుమ్మం ముందు ఆగిపోయాడు. "సిన్నమ్మీ, నీకు తెల్సు. మీ వొదినకి ఏటిష్టమో నీకు తెల్సు. సెప్పు."

చిన్నమ్మి ఈసారి పని ఆపలేదు. "తెల్సు. సెప్పనా? ఒక్కర్తీ తినడం ఇష్టం. నీ సుట్టాలెవులూ నేని పూట, తలుపేసుకుని, కంచంలో ఏడేడిగా ఎట్టుకుని, పీట మీద కూకుని తినాలని. నాతో ఎన్నిసార్లందో. అంత కాపరంలో ఆ పూట రానేదు. ఏటి తినీదో తెల్సా? గిన్నె కడిగే ముందు అడుగున అంటుకున్న మాడు, గరిటితో గోక్కుని, నిలబడి తినీది."

"మరి నాతో సెప్పలేదేటి?"

"సెప్తే ఏటి సేద్దువు? నవ్వి, ఇంకో కంచం ఎట్టమందువు."

అప్పలకొండ అట్నుంచటే బజారుకు వెళ్ళి కొడవలి కొన్నాడు. రేపు కోస్తానని, తర్వాత ఎల్లుండి కోస్తానని, చలికాలమంతా దాన్ని ఆకురాయితో పదును పెడుతూ గడిపాడు. గడ్డి కోయడమంటే ఇన్నాళ్ళూ పెంచింది గడ్డినేనని కాలనీ ముందు ఒప్పుకోవడం. ఈలోగా గడ్డి పచ్చదనం వదిలి పసుపురంగుకు తిరిగింది. గింజ రాల్చింది. ముట్టుకుంటే కరకరమనసాగింది.

ఇప్పపూలు రాలే రోజులొచ్చాయి. పూలు ఏరుకునేవాళ్ళు చెట్ల కింద ఆకూఅలమూ తగలబెట్టి నేల శుభ్రం చేసుకుంటారు. దూరంగా పొగలు లేవడం అప్పలకొండ చూశాడు. మర్నాడు పొద్దున్నే తలకు తువ్వాలు చుట్టి, కొడవలి పట్టుకుని గడప దాటాడు.

ఇంటిముందు ఆటో ఆగింది.

"మావయ్యా!" అంటూ మేనల్లుడు దిలీప్ దిగాడు. వెనక పెళ్ళాం, అత్తగారు, మామగారు, బావమరిది, నాలుగు సంచులు. బావమరిదికి రైల్వేలో ఏదో పరీక్ష ఉందట. ఊరు చూసినట్టూ ఉంటుందని అందరూ బయల్దేరారట.

లక్ష్మీనరసమ్మ పన్నెండో రోజు గడిచాక ఆ గుమ్మంలోకి చుట్టం అడుగుపెట్టడం అదే మొదలు. అప్పలకొండ మొహంలో దీపం వెలిగింది. కొడవలి గోడకు ఆనించి సంచి అందుకున్నాడు. "రండి రండి. ఒరే, ఇంత సిక్కిపోయావేట్రా? మీ అత్తారింట్లో కూడెట్టట్లేదేటి?"

బజారుకు పరిగెత్తి చేప తెచ్చాడు. తనే పులుసు పెట్టాడు. వరండాలో బారుగా కూచోబెట్టి ఇంజన్ ఆపిన కథ చెప్పాడు. అందరూ నవ్వారు. అచ్చం అత్తయ్య చేతి పులుసులాగే ఉందన్నాడు దిలీప్. గడ్డి కోయడం ఆ రోజుకు వాయిదా పడింది. మర్నాటికీ పడింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం, విస్తళ్ళలో రెండో వడ్డన సాగుతుండగా వీధిలోంచి చిన్నమ్మి కేక వినిపించింది. "అన్నియ్యా! భాటా అంటుకుంది! నీ మొక్క ఏపే ఎల్తంది!"

అప్పలకొండ చేతిలో గరిటె ఉంది. గరిటెలో చేప తలకాయ ముక్క ఉంది. దిలీప్ మామగారు విస్తరి ముందుకు జరిపి చూస్తున్నాడు. తింటున్నవాళ్ళ ముందునుంచి లేచిపోవడం అప్పలకొండ పుట్టి ఎరగడు. ముక్క వేశాడు. పులుసు పోశాడు. అన్నం కావాలా అని అడిగాడు. కావాలన్నారు. పెట్టాడు. పెరుగు వేశాడు. వీధిలో చిన్నమ్మి మళ్ళీ అరిచింది, ఈసారి పేరు పెట్టి, అన్నియ్య అనకుండా. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు అందించి అప్పుడు పరిగెత్తాడు.

అంతా అయిపోయింది. మంట భాటా మీదుగా నడిచిపోయినట్టుంది. పలచటి గడ్డి ఉన్నచోట ఊరికే నాకి వెళ్ళింది. కానుగ చుట్టూ మేకలు కొరికిన నేల మీద తినడానికేమీ దొరక్క పక్కకు తప్పుకుంది. దాని కింది ఆకులు మాత్రం అంచులు ముడుచుకున్నాయి. అప్పలకొండ చోటికి వచ్చేసరికి మంటకు విందు దొరికింది. ఆయన ఎక్కడెక్కడ ఎరువు చల్లాడో గీత గీసినట్టు అంతమేరా నల్లగా ఉంది. మధ్యలో నేరేడు, కాలిన అగ్గిపుల్లలాగా నిలబడి ఉంది. ముట్టుకుంటే విరిగింది.

చిన్నమ్మి చేతిలో తడిగోనె ఉంది. జుట్టు చెదిరి, మొహమంతా మసి. దెప్పుతుందని అప్పలకొండ తల వంచుకున్నాడు. ఆమె దెప్పలేదు.

"తిన్నారా నీ సుట్టాలు?" అని అడిగింది.

"తిన్నారు. పడుకున్నారు."

చిన్నమ్మి గోనె అక్కడే పడేసి మేకల్ని తోలుకుపోయింది.

వాన పడ్డాక ఆ చోట నల్లటి మోడు పక్కనుంచి రాగిరంగు చిగురు ఒకటి, రెండాకులతో తొంగిచూసిందని ప్రత్యూష చెప్పింది. ఇలాంటి నేలల్లో మొక్కలు పైన కాలి, కింద బతికి, మళ్ళీ లేచి, మళ్ళీ కాలుతూ ఏళ్ళకేళ్ళు అక్కడే ఉండిపోతాయట. ఎప్పుడో ఒక ఏడు నిప్పు రాకపోతే తల పైకెత్తుతాయట. ఆమె సంతోషంగానే చెప్పింది. కానీ చిగురు కంటే ముందే గడ్డి లేచింది. అప్పలకొండ పెట్టిందాంట్లో చాలావరకు నేలలోనే ఉంది. అడ్రసు తెలిసిన చుట్టాల్లా గడ్డి మళ్ళీ అక్కడికే వచ్చింది. లక్ష్మీనరసమ్మ ఇంకా ఏ సంగతీ తేల్చలేదని, మూడో వాన కదా చూద్దామని కాలనీలో ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. అప్పలకొండ మాత్రం అటువైపు వెళ్ళడం మానేశాడు. కొడవలి గోడకే ఆనుకుని తుప్పు పట్టింది.

ప్రత్యూషకు ఆ చోటు సంగతి రాసుకోవాలంటే అందులో ఏమేం వేశారో తెలియాలి. వెతుక్కుంటూ స్టేషన్ బయట టీ బండి దగ్గరికి వచ్చింది. అప్పలకొండ బెంచీ మీద కూచుని ఉన్నాడు. ఆమెను చూడగానే, ముక్కూమొహం తెలియని పక్కనున్న ఇద్దరితో కలిపి అందరికీ టీ చెప్పాడు.

"తాతగారూ, నేరేడు చుట్టూ మీరు యూరియా ఎంత వేశారో కొంచెం గుర్తు చేసుకుంటారా? గెత్తం కూడా."

"ఏ నేరేడు?"

"అదే, భాటాలో. అమ్మమ్మగారి పేరు మీద..."

"నేనే మొక్కా నాటలేదు అమ్మాయ్."

"కాలిపోయింది కదా తాతగారూ. చిన్నమ్మిగారు కూడా చెప్పారు."

"సిన్నమ్మి నోటికి తాళం నేదు. మొక్కా నేదు, నిప్పూ నేదు. గెత్తం మోయడానికి నేనేటి రైతునా? షెడ్డులో ఫిట్టర్ని." టీ గ్లాసు ఆమె చేతికిచ్చాడు. "మా యింటికి సుట్టాలు రావడమే తక్కువ. రాసుకుంతావా, ఇది రాసుకో. మా యింట్లో అందరికంటే ముందు తినీది మా లక్ష్మీనరసమ్మే."